కుడికి తిరగని వెంకటరాముడు

వెంకటరాముడు కుడికి తిరగడు. ధర్మవరంలో ఈ సంగతి తెలియని మనిషి లేడు, పశువులకు కూడా తెలుసునని చెప్పుకునేవారు. ఇంట్లోంచి బయటికి అడుగు పెడితే ఎడమకే. పెళ్ళికి పోయినా ఎడమకే, చావుకు పోయినా ఎడమకే. ఇంటికి కుడిపక్కన, గోడకు గోడ ఆనుకుని, అంజనమ్మ కాఫీ హోటలు ఉండేది. అక్కడ కాఫీ తాగాలనిపిస్తే ఆయన ఎడమకు తిరిగి, మగ్గాల వీధి దాటి, అంగళ్ళ వీధి దాటి, ఊరంతా ఒక చుట్టు చుట్టి హోటలు చేరుకునేవాడు.

"ఏమప్పా వెంకటరాముడూ, ఇంత పొద్దున్నే యాడికి?" అని దారిలో ఎవరో ఒకరు అడిగేవారు.

"కాఫీకి."

"అంజనమ్మ హోటలు మీ ఇంటి పక్కనే కదప్పా ఉండేది!"

"అందుకే పొద్దున్నే బయల్దేరినా."

తిరుగు ప్రయాణం మాత్రం సుఖం. హోటల్లోంచి ఎడమకు తిరిగితే ఇల్లే.

గుళ్ళో ప్రదక్షిణం దగ్గర అసలు చిక్కు వచ్చింది. స్వామిని కుడిచేతి పక్కన పెట్టుకుని నడవాలంటే ప్రతి మూలలోనూ కుడికి మళ్ళాలి. వెంకటరాముడు దానికీ ఉపాయం కనిపెట్టాడు. మూల రాగానే ఆగి, బొంగరంలా ఎడమకు ముప్పావు చుట్టు తిరిగేవాడు. తిరగడం ఆపేసరికి మొహం సరిగ్గా పోవలసిన దిక్కుకే ఉండేది. ఒక శనివారం కొత్తచెరువు నుంచి వచ్చిన కుళ్ళాయమ్మ అనే ముసలమ్మ ఇది చూసి, ఒంటిమీదికి దేవుడొచ్చాడనుకుని కాళ్ళమీద పడింది.

"సామీ, మా ఎద్దు తప్పిపోయి వారమాయ. యాడుండాదో చెప్పు సామీ!"

"లెయ్ అవ్వా. నేను సామినీ కాదు, ఏమీ కాదు."

"చెప్పేదాకా లెయ్యను."

"అట్లయితే పోయి ఎడమపక్క చూడు పో."

ఎద్దు ఎడమపక్క కందిచేలో దొరికింది. ఆ తరువాత చాన్నాళ్ళు శనివారం వస్తే చాలు, పశువులు పోగొట్టుకున్నవాళ్ళు వెంకటరాముడి అరుగు మీద వరసగా కూర్చునేవారు. వాళ్ళందరికీ మజ్జిగ పోయలేక ఆయన భార్య నీలావతి నడుము పడిపోయింది.

నీలావతి ఓర్పుగల మనిషే. కానీ ఆమెకొక సందేహం ఉండేది. యుద్ధం రోజుల్లో వెంకటరాముడు బెంగుళూరు మిలిటరీ షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేసే పనిలో ఉన్నాడు. అక్కడ దొరలు మట్టినేల మీద మోటారు సైకిళ్ళతో పందాలాడేవారు. కోడిగుడ్డు ఆకారంలో బాట, బ్రేకుల్లేని బండ్లు. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. మలుపు రాగానే ఎడమకాలు నేలకానించి, బండి వెనక చక్రాన్ని పక్కకు జార్చి, దుమ్ము ఆకాశానికి లేపాలి. ఆ పందాలు చూసీ చూసీ తనకు కుడికి తిరిగితే కడుపులో తిప్పే జబ్బు పట్టుకుందని ఆయన చెప్పేవాడు. ఊరు నమ్మింది. నీలావతికి మాత్రం లెక్క కుదరలేదు.

"ఏమయ్యా, నువ్వు బెంగుళూరు నుంచి వచ్చినాక ఎన్నో ఏండ్లు రెండు పక్కలా బాగానే తిరుగుతాంటివి. జబ్బు అంత ఆలస్యంగా వచ్చిందేమి?"

"అది గూడా బెంగుళూరు నుంచి రావాల కదే. దావలో ఎన్ని మలుపులుండాయో!"

ఆయనతో మాట్లాడి గెలిచినవాళ్ళు లేరు.

యుద్ధమయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన ఒక పాత బండిని తెచ్చుకుని, దాని బ్రేకులు పీకేసి, ఎడమ చెప్పు అడుగున ఎడ్లబండి చక్రానికి వేసే ఇనప పట్టా ముక్క కొట్టించుకుని, యాభై ఐదో సంవత్సరం నుంచి ఏటా ఎండాకాలంలో ధర్మవరం చెరువు ఎండినచోట రేసులు పెట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో జనం విరగబడి వచ్చారు. పోనుపోను కుర్రకారు టెంటు సినిమాలకు మళ్ళింది. చెరువు గట్టున మిగిలింది పొద్దుపోని ముసలివాళ్ళు, కుక్కలు.

అరవై రెండులో పంచాయతీ ప్రెసిడెంటు నరసప్ప ఆ మాట మొహాన్నే అనేశాడు.

"ఏమప్పా, నీ రేసుకు వచ్చేవాళ్ళల్లో నోట్లో పండ్లున్నవి కుక్కలొక్కటే. ఈ ఏడు పడుచుపిల్లోళ్ళు రాకుంటే చెరువు జాగా గొర్రెల సంతకు ఇచ్చేస్తాం. ముదిగుబ్బ వాళ్ళు అడుగుతాండారు."

"గొర్రెలు ఎడమకు తిరుగుతాయా?"

"అవి యాటికన్నా తిరుగుతాయి, నీ మాదిరి కాదు!"

వెంకటరాముడు కుర్రవాళ్ళను లాగే పనిలో పడ్డాడు. మగ్గాల దగ్గర మిగిలిన రంగు రంగుల పట్టు ముక్కలు కలిపి రేసువాళ్ళకు చొక్కాలు కుట్టించాడు. ఆడపిల్లలకు వేరే షామియానా అన్నాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ బండి వెనక ఒక చుట్టు ఉచితం అన్నాడు. మోటారు సైకిలు లేనివాళ్ళు బాడుగ సైకిలు తెచ్చి, మడ్‌గార్డులు పీకేసి రావచ్చునన్నాడు.

"మామా, సైకిలుకు సప్పుడు రాదే?" అన్నారు పిల్లలు.

"నోరు లేదారా? డుర్రుమనండి!"

ఇక ఊళ్ళో సందు సందునా పిల్లలు డుర్రుమంటూ ఎడమకు తిరగడం, వాళ్ళ తల్లులు వెంకటరాముణ్ణి తిట్టడం. చిన్నపిల్లలు వచ్చారు గానీ పడుచువాళ్ళు పెదవి విరిచారు. హిందూపురంలో చిన్నప్ప అనే కుర్రవాడు, సొంత బండి ఉన్న మరో నలుగురు తెగేసి చెప్పారు.

"ఒకే పక్కకు తిరగనీకె మేమేమన్నా గానుగెద్దులా మామా? రెండు సున్నాలు ఆనించినట్టు బాట గియ్యి. ఒకదాంట్లో ఎడమకు, ఇంకోదాంట్లో కుడికి. అప్పుడు వస్తాం, మా ఊరు ఊరంతా వస్తాది."

పట్టు చీరల అంగడి చెన్నకేశవులు కూడా అదే మాట. అట్లా చేస్తే మైకు సెట్టు, గెలిచినవాడికి జరీ పట్టు పంచె తాను ఇస్తానన్నాడు.

"కుడికి తిరిగేది వద్దు," అన్నాడు వెంకటరాముడు.

"రేసే పోతాదప్పా!"

"పోనీ."

ఆ "పోనీ" విన్నాక నీలావతికి ఒళ్ళు మండింది. ఏడాది పొడుగునా ఆ రేసు కోసమే బతికే మనిషి, ఒక మలుపు కోసం దాన్ని గొర్రెలకు అప్పగిస్తాడా? పైగా ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. మగ్గాల వీధి నాగరాజు సంగతి కూడా. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆ అబ్బాయి కుడికాలు సన్నబడింది. నడిస్తే 'కుంటి నాగరాజు' అనేవారు. వెంకటరాముడి పాత బండి ఎక్కి చెరువులో తిరిగితే మాత్రం 'రేసు నాగరాజు'. రేసు పోతే ఆ పేరూ పోతుంది.

అందుకని చెన్నకేశవులు మెల్లగా వచ్చి, "అమ్మా నీలావతీ, బాట గీత వేసేది ఏటా నువ్వే కదా. ఈసారి రెండు సున్నాలు వేసేయ్. అయినాక ఆయప్ప ఏం జేస్తాడు?" అంటే సరేనంది. ముగ్గు వేయడంలో ఆ వీధిలో ఆమె తరువాతే ఎవరైనా. చెన్నకేశవులు హిందూపురానికి రెండు సున్నాల కబురు పంపి, వెంకటరాముడితో మాత్రం వాళ్ళు ఎడమ బాటకే ఒప్పుకున్నారని చెప్పాడు. రేసు రోజు వెంకటరాముడు హిందూపురం కుర్రవాళ్ళకు ఎదురుపోయి తీసుకురావడానికి అరువు బండి మీద పెనుకొండ దాకా వెళ్ళాడు. ఆయన అటు పోగానే గంపెడు సున్నప్పొడితో నీలావతి చెరువు నడుమ రెండు పెద్ద సున్నాలు దించేసింది.

హిందూపురం బండ్లు ముందే దిగాయి. కుడి మలుపు వచ్చిన ప్రతిచోటా ఎడమకు గుండ్రంగా చుట్టుకుంటూ రావాలి కాబట్టి వెంకటరాముడు వెనకబడ్డాడు. ఆయన చేరేసరికి గట్టు మీద చీమ దూరే సందు లేదు. షామియానాలో అమ్మలక్కలు, ఆడపిల్లలు కిక్కిరిసి ఉన్నారు. మైకు మోగుతోంది. బండ్లు అప్పుడే పరీక్ష చుట్టు మొదలుపెట్టాయి. మొదటి సున్నాలో నాగరాజే ముందు. రెండో సున్నా వచ్చింది. హిందూపురం వాళ్ళు కుడికాళ్ళు నేలకానించి జారుకుంటూ పోయారు. నాగరాజు కుడికాలు ఆనించాడు. కాలు నిలవలేదు. బండి వంకర్లు తిరిగి, దుమ్ములో పక్కకు పోయి ఆగింది.

వెంకటరాముడు పరిగెత్తాడు. షామియానా గుంజ దగ్గర కుడికి మళ్ళాడు. నీళ్ళ పీపా దగ్గర మళ్ళీ కుడికి మళ్ళాడు. పిట్టలా పోయి నాగరాజు బండి పట్టుకున్నాడు. ఆ దుమ్ములో ఆయన్ను ఎవరూ చూడలేదు, చేతిలో సున్నం గంపతో నిలబడిన నీలావతి తప్ప.

కడుపులో తిప్పలేదు. ఏమీ కాలేదు.

జబ్బు ఎందుకు ఆలస్యంగా వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది. నాగరాజు మొదటిసారి బండి ఎక్కింది యాభై ఐదులోనే, ఈయన కుడికి తిరగడం మానేసింది కూడా ఆ ఏడే. కుడికాలు ఆనించలేని పిల్లాడి కోసం కుడి మలుపు వద్దంటే వాడి కాలు సంగతి ఊరంతా మాట్లాడుకుంటుంది. తానే పిచ్చివాడైతే తన పిచ్చి సంగతి మాట్లాడుకుంటుంది. అంతే.

ఇంతలో దుమ్ము అణిగింది. జనం నాగరాజు వైపు తిరగబోయారు. వెంకటరాముడు గబగబా వచ్చి మైకు లాక్కుని, కడుపు పట్టుకుని, "అయ్యో, ఆ రెండో సున్నా చూస్తేనే నాకు వాంతి వస్తాంది! ఎవరన్నా నిమ్మకాయ తేండప్పా!" అని కూలబడ్డాడు. గట్టు గట్టంతా పగలబడి నవ్వింది. నాగరాజును చూసినవాడు లేడు.

"నిమ్మకాయ ఇయ్యండి గానీ రెండు సున్నాలూ ఉండాల్సిందే!" అని కుర్రవాళ్ళు కేకలు పెట్టారు. "అవి లేకుంటే మేం పోతాం," అన్నాడు చిన్నప్ప. "గొర్రెలను పిలిపించేదా?" అన్నాడు నరసప్ప.

నీలావతి కొంగు నడుముకు చుట్టి, పొరక తీసుకుని బాట మధ్యకు నడిచింది.

"పిలిపించు గానీ ముందు నా మాట ఇనండి. ముగ్గు తప్పింది!"

"ఏం తప్పిందమ్మా? బాగానే ఉండాదే," అన్నాడు చెన్నకేశవులు.

"ముగ్గు సంగతి నీకేం తెలుసన్నా, చీరలమ్ముకునేటోడివి! రెండో సున్నా గీత కలవలేదు. తెగిపోయిన ముగ్గు మీద మగబిడ్డలు బండి తోలితే మంచిదా? ఏమ్మా, మీరు చెప్పండి!"

ఆమె అడిగింది షామియానాను. అక్కడున్న తల్లులందరూ ఒక్కసారి లేచారు.

"ఒరే చిన్నప్పా, దిగరా బండి!" అని హిందూపురం నుంచి వచ్చిన వాళ్ళమ్మ అరిచింది. "తప్పు ముగ్గు తొక్కినావంటే ఇంట్లోకి రానియ్యను!"

పంచాయతీ ప్రెసిడెంటును ఎదిరించవచ్చు, పోలీసులను ఎదిరించవచ్చు, ముగ్గు విషయంలో తల్లుల మాట కాదనగల మొనగాడు అక్కడ లేడు. నీలావతి రెండో సున్నాను పొరకతో శుభ్రంగా ఊడ్చేసింది.

"మిగిలిన దాంట్లో మా నాగరాజును దాటిపోండి, చూస్తాం. దాటితే వచ్చే ఏడు మీరు గియ్యమన్నట్టు గీస్తా," అంది చిన్నప్పతో.

మాట మగవాళ్ళకు తగలవలసిన చోట తగిలింది. బండ్లు ఉరికాయి. నాగరాజు ఎడమకాలు నేలకానించి, బండిని అడ్డంగా జార్చి, చెన్నకేశవులు తెల్ల పంచె మీద సగం చెరువు దుమ్ము పోశాడు. మగ్గాల వీధి కుర్రవాళ్ళు గొంతులు పోయేలా అరిచారు. చిన్నప్ప చివరిదాకా వెంటపడ్డాడు గానీ దాటలేకపోయాడు.

"వచ్చే ఏడు చూడు, హిందూపురం అంతా నేర్చుకోని వస్తాం!" అని మీసం లేని చోట మీసం తిప్పాడు. ధర్మవరం కుర్రవాళ్ళు, తమకూ నేర్పమని వెంకటరాముడి చుట్టూ మూగారు. గొర్రెల సంత ముదిగుబ్బలోనే బాగుంటుందని నరసప్పకు తోచింది. బండి వెనక ఉచితంగా ఒక చుట్టు ఇంకా ఉందా అని కూడా అడిగాడు.

సాయంత్రం నాగరాజు తాను గెలిచిన పట్టు పంచె తీసుకుని వచ్చి, వెనక వసారాలో నీలావతి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వెంకటరాముడు పెరట్లో బండి కడుగుతున్నాడు.

"అత్తా, ఒక మాట. మామకు చెప్పగాకు."

"చెప్పు నాయనా."

"ఈ పొద్దు నా కుడికాలు జారింది నిజమే. అయితే ఇంటెనక సైకిలు మీద కుడి మలుపు నేర్చుకుంటానే ఉండా. ఇంకొన్నాళ్ళకు వస్తాది. కానీ మామ ముందర మాత్రం తిరగను."

"ఎందుకురా?"

"పాపం, ఆయప్పకు జబ్బు కదత్తా! ఊరంతా నవ్వుతాంటే ఒక్కడే ఎడమకు తిరుక్కుంటా ఉండాడు. నేను గూడా ఎడమకే తిరిగితే ఆయప్పకు ఒక జత ఉన్నట్టుంటాది."

నీలావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

"ఏమ్మే, ఎందుకట్ల నవ్వుతాండావు?" అని వెంకటరాముడు పెరట్లోంచి కేకేశాడు.

"ఏం లేదు. మీ ఇద్దరిలో పిచ్చోడెవరా అని చూస్తాండా."

"తేలిందా?"

"తేల్లేదు. కాళ్ళు కడుక్కోని అన్నానికి రాండి ఇద్దరూ."

ఇద్దరూ బావి దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. బావికి వంటిల్లు కుడిపక్కన, నాలుగే అడుగుల్లో ఉంది. నాగరాజు ఒకసారి వెంకటరాముడి మొహం చూశాడు. వెంకటరాముడు ఒకసారి నాగరాజు కాలు చూశాడు. తరువాత ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, ఎడమకు తిరిగి, గడ్డివామి వెనక నుంచి, పశువుల కొట్టం పక్క నుంచి, పెరడంతా చుట్టుకుని వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి చారు చల్లారిపోయింది. నీలావతి దాన్ని మళ్ళీ వేడిచేసింది.