పాసైతేనే పెట్టె

వస్తువు కొనడానికి జేబులో డబ్బుంటే చాలుననుకునే అమాయకులంతా ఒక్కసారి పరీక్షల మాస్టారి దుకాణానికి వెళ్లి రావాలి. అక్కడ డబ్బు సంగతి చిట్టచివర వస్తుంది. ముందు పరీక్ష. పాసైతేనే పెట్టె చేతికిస్తారు.

మాస్టారని వీధంతా పిలుస్తుంది గానీ, ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఆయన చేసేవి రౌటర్లు. ఇంటర్నెట్ తీగను లోపలికి తీసుకుని, బిల్లు మిషనుకీ కార్డు మిషనుకీ గోడమీది కెమెరాకీ పంచిపెట్టే చిన్న పెట్టెలు, చిన్న దుకాణాల వాళ్ల కోసం. వాటిలో ఓపెన్ సోర్స్ కానిదేదీ ఉండదు. అంటే లోపలి సర్క్యూట్ బోర్డు నమూనా, అందులో నడిచే ప్రోగ్రాము అన్నీ బహిరంగమే. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఓపికుంటే తామే చేసుకుని అమ్ముకోవచ్చు. “దాచుకోవడానికి ఏమీ లేని వ్యాపారం” అని వచ్చినవాళ్లకి గర్వంగా చెబుతాడు బావమరిది. “దాచుకోవడానికి ఏమీ మిగలని వ్యాపారం” అని కూడా అంటాడు. కాకపోతే అది గొంతు తగ్గించి.

బావమరిది అంటే మాస్టారి భార్యకు స్వయానా తమ్ముడు. దుకాణంలో అమ్మకాల విభాగం మొత్తం అతనే. విభాగమంటే ఒక స్టూలు, ఒక ఫోను. దుకాణం బోర్డు మీద రాసిన నంబరు అతనిదే. బావకి కూడా ఫోనుంది గానీ, దాని వెనక మూత ఎప్పుడూ విప్పే ఉంటుంది, బ్యాటరీ ఇంకెక్కడో ఉంటుంది.

ఇక్కడ చేరకముందు అతను ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేశాడు. పొద్దస్తమానం చెవికి హెడ్‌ఫోను, నోట్లో “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం”. ఏళ్ల తరబడి అలా ఊరందరి కోసం చింతించి, చింతించి, చివరికి తన కోసం చింతించే ఓపిక లేక మానేశాడు. ఈ దుకాణం నిలబడకపోతే మళ్లీ ఆ హెడ్‌ఫోనే గతి. ఆ ఊహకే అతనికి చెవులు వేడెక్కుతాయి. అందుకే తలుపు తెరుచుకున్నప్పుడల్లా దేవుణ్ణి తలుచుకుంటాడు. దేవుడు వింటాడు. బావ వినడు.

ఒకరోజు మందుల కొట్టాయన వచ్చాడు.

“రౌటరొకటి కావాలండీ.”

“కూర్చోండి. మూత తీయండి,” అన్నాడు మాస్టారు, స్క్రూడ్రైవరు చేతికిస్తూ.

“నేనా?”

“కొనేది మీరేగా?”

ఆయన ఎలాగో తంటాలు పడి మూత తీశాడు. మాస్టారు లోపలున్న భాగాలన్నీ, బంధువుల్ని పరిచయం చేస్తున్నంత ఆప్యాయంగా చూపించాడు. తర్వాత కంప్యూటర్లో ఏదో నొక్కాడు. పెట్టె మీది దీపాలన్నీ టపీమని ఆరిపోయాయి.

“ఇది చచ్చిపోయింది. బతికించండి.”

“అయ్యయ్యో! నిక్షేపంలా ఉన్నదాన్ని మీరే కదండీ చంపారు!”

“రేపు మీ కొట్లో ఎవరూ చంపకుండానే చస్తుంది. అప్పుడేం చేస్తారు?”

“ఏముందండీ, మీకు ఫోన్ చేస్తాను.”

“ఫెయిల్. రేపు రండి.”

బావమరిది స్టూలు దిగి వీధి మలుపు దాకా ఆయన వెంటపడ్డాడు. “సార్, సార్! రేపు తప్పకుండా రండి. ఆ ఒక్క జవాబు తప్ప మీరు ఏం చెప్పినా పర్లేదు. ఏడుస్తానని చెప్పినా పాస్ చేస్తాడు!”

నిజమే, ఆ ఒక్క జవాబుకి మాస్టారి దగ్గర క్షమాభిక్ష లేదు. పక్క కాంప్లెక్సులో బట్టలు కుట్టే టైలరమ్మ పదే పదే తప్పింది. రౌటరును బతికించడం ఆవిడకి పట్టుబడింది గానీ, నాలుక మాత్రం అలవాటు ప్రకారం “ఫోన్ చేస్తానయ్యా” అనేసేది. “నన్ను చేసుకునే ముందు మా ఆయన కూడా ఇన్ని ప్రశ్నలడగలేదు!” అని ఆవిడ ఎగిరింది. “అడిగుండాల్సింది,” అన్నాడు మాస్టారు గంభీరంగా. టైలరమ్మ కత్తెర వెంట తెచ్చుకోకపోవడం బావమరిది చేసుకున్న పుణ్యం. చివరికి ఆవిడ పాసైంది. పెట్టెను చంకన పెట్టుకుని, గెలిచిన పొట్టేలును తోలుకుపోతున్నట్టు వీధిలో నడిచి వెళ్లింది.

పళ్ల డాక్టరుది ఇంకో కథ. ఆయన చేతులకు తొడుగులు, మూతికి మాస్కు వేసుకుని మరీ కూర్చున్నాడు. స్క్రూ తిప్పే ముందు అలవాటుగా “కొంచెం నొప్పిగా ఉంటుంది” అని పెట్టెకి ధైర్యం చెప్పాడు. చచ్చిన రౌటరును చిటికెలో లేపి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత తొడుగులు తీసేస్తూ, “ఇంత సులువని తెలీదండీ. అయితే మా పాతదే బాగుచేసుకుంటాను,” అని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

“చూశావురా? ఫస్ట్ ర్యాంకు!” అని మాస్టారు పొంగిపోయాడు.

“చూశాను బావా. ర్యాంకొచ్చింది. బేరం పోయింది,” అని బావమరిది స్టూలు మీద కూలబడ్డాడు.

ఇంట్లో మాత్రం మాస్టారి ఆటలు సాగలేదు. ఇంటి రౌటరుకు పరీక్ష రాయమంటే ఆయన భార్య, అంటే బావమరిది అక్క, గరిట కిందపెట్టి, “అలాగే. ముందు మీరు వంట పరీక్ష రాయండి. పాసైతేనే భోజనం,” అంది. ఆ రోజు నుంచి ఇంటి రౌటరు పరీక్ష నిరవధికంగా వాయిదా పడింది.

ఇలా ఈదుతూ ఉండగా, ఒక ఉదయం పక్క కాంప్లెక్సు వర్తక సంఘం కార్యదర్శి స్వయంగా వచ్చాడు. చెప్పుల షాపాయన, భారీ మనిషి. కాంప్లెక్సులో టైలరమ్మ కొట్టు తప్ప మిగతా షాపులన్నిటికీ పెట్టెలు కావాలన్నాడు. బావమరిదికి కళ్లు చెమర్చాయి. ఈ ఒక్క బేరం కుదిరితే దుకాణం గట్టున పడుతుంది. కుదరకపోతే హెడ్‌ఫోను.

“పరీక్షలూ గిరీక్షలూ మాకొద్దండీ,” అన్నాడు కార్యదర్శి. “మాకు తీరికుండదు. ఫోన్ చేస్తే మనిషి రావాలి. పగలైనా రాత్రైనా. అదొక్కటే మా షరతు.”

“ఫోన్ చేస్తే వచ్చే మనిషి మా దగ్గర లేడు,” అన్నాడు మాస్టారు.

“అదేంటండీ, ఈ స్టూలు మీదున్నాయన?”

“అతను లేడు.”

“కనిపిస్తున్నాడుగా!”

“కనిపిస్తాడు. రాడు.”

“వస్తానండీ!” అని బావమరిది కేక పెట్టేలోపే కార్యదర్శి లేచిపోయాడు. అంత భారీ మనిషి అంత వేగంగా గడప దాటడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం బావమరిది నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు. కోప్పడే సత్తువ కూడా లేక, వంటింటి గడప మీద చతికిలబడ్డాడు. “నా వల్ల కాదే. రేపు పాత ఉద్యోగం అడుక్కుంటాను. చింతించడమే కదా, అక్కడైతే నెల జీతానికి చింతిస్తాను. నీ మొగుడి పరీక్షల పిచ్చికి ఓ దణ్ణం.”

అక్క పొయ్యి తగ్గించింది. “నువ్వు రాకముందు ఆయన పెట్టెలు ఎలా అమ్మేవాడో తెలుసా?”

“ఇలాగేగా?”

“ఎక్కడ! కాగితంలో చుట్టిచ్చి పంపేసేవాడు. ఎవరైనా పిలిస్తే సైకిలేసుకుని పోయి చూసొచ్చేవాడు.”

“మరి ఈ పరీక్షలు?”

“నువ్వు ఉద్యోగం మానేసి మా ఇంటికొచ్చి, పట్టపగలు సోఫాలో పడి నిద్రపోయావు, గుర్తుందా? దుప్పటి కప్పుదామని ఆయన వంగాడు. నువ్వు కళ్లు తెరవకుండానే, ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్’ అన్నావు. ఆయన దుప్పటి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి, ‘బోర్డు మీద వీడి నంబరు రాయిద్దామనుకున్నాను. రాయిస్తాను. కానీ అది మోగకూడదు’ అన్నాడు. ఆ మర్నాటి నుంచే మొదలు ఈ గోల.”

బావమరిది జేబులోంచి ఫోను తీసి చూశాడు. ఇక్కడ చేరినప్పటి నుంచీ అది ఎందుకు మోగడం లేదా అని, బేరాల్లేవేమోనని అతను కుమిలిపోతున్నాడు. అమ్మిన పెట్టెల్లో ఒక్కదాని గురించీ, ఒక్కరూ పిలవలేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

మర్నాడు దుకాణంలో నిలదీశాడు. “బావా, ఈ పరీక్షలు నా కోసమటగా?”

మాస్టారు సాల్డరింగు పొగ చాటున తల దాచుకున్నాడు. “ఎవరన్నారు?”

“అక్క.”

“మీ అక్క ఇంటి రౌటరు పరీక్షే రాయలేదు. ఆవిడ మాట లెక్కలోకి రాదు.”

“ఒక్క మాట చెప్పుండొచ్చుగా!”

“చెబితే ‘పర్లేదు బావా, నేను చూసుకుంటా’ అంటావు. చూసుకున్నది చాల్లే. ఆ స్క్రూలిటివ్వు.”

బావమరిది స్క్రూలిచ్చాడు. పాత ఉద్యోగం అడగడానికి వెళ్లలేదు. అయితే దుకాణం ఎలా నిలబడుతుందో మాత్రం ఇద్దరికీ తెలియదు.

అది కార్యదర్శే తేల్చాడు. కొన్నాళ్లకు, భోజనాల వేళ దాటాక, సంఘం సభ్యుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఇంకో కంపెనీ దగ్గర, మూత విప్పే వీల్లేకుండా సీలు వేసిన పెట్టెలు కొన్నారట. అవి కాంప్లెక్సంతటా ఒకేసారి పడుకున్నాయట. టైలరమ్మ కొట్లో మాత్రం బిల్లులు గలగలా వస్తున్నాయట.

“ఆ కంపెనీకి ఫోన్ చేశానండీ,” అన్నాడు కార్యదర్శి నీరసంగా. “ఎవరో కుర్రాడెత్తాడు. నేను తిట్టాను, అతను చింతించాడు. మళ్లీ తిట్టాను, మళ్లీ చింతించాడు. గొంతు వింటే ఏడ్చేలా ఉన్నాడు. చివరికి నేనే ఓదార్చి పెట్టేయాల్సొచ్చింది. మా వల్ల కాదు బాబూ. ఆ పరీక్షేదో పెట్టండి.”

మాస్టారు పెదవి మీద వేలుంచుకుని మూలకి సైగ చేశాడు. అక్కడ బల్ల మీద బావమరిది ఒళ్లు మరిచి నిద్రపోతున్నాడు. అతను పగలు అలా ప్రశాంతంగా నిద్రపోవడం చూసి మాస్టారే అతని ఫోను ఆపి సొరుగులో పెట్టాడు.

పరీక్ష గుసగుసల్లో జరిగింది. సంఘమంతా గుమిగూడి మూతలు విప్పింది. ఎవరి చేతిలోంచో స్క్రూ జారి టింగుమంటే అందరూ కలిసి ఆ మనిషిని కళ్లతోనే ఉరి తీశారు. కార్యదర్శి చెమటలు కక్కుతూ తన పెట్టెను బతికించాడు. దీపాలు వెలిగాయి. ఆయన నోరంతా తెరిచి, శబ్దం మాత్రం రానివ్వకుండా కేక పెట్టాడు. మిగతావాళ్లు అరచేతులు తగలకుండా చప్పట్లు కొట్టారు.

బావమరిదికి చాలాసేపటి క్రితమే మెలకువ వచ్చింది. కానీ ఇంతమంది పెద్దలు ఇంత కష్టపడి చప్పుడు చేయకుండా ఉంటే, మధ్యలో లేవడం మర్యాదగా ఉండదనిపించింది. గోడవైపు తిరిగి, వాళ్ల తృప్తి కోసం చిన్నగా గురక కూడా పెట్టాడు.