వెనక నీళ్ళు చూసే మనిషి

పెద్దనాయిన పోయాడన్న ఫోన్ వచ్చినప్పుడు నేను కృష్ణ ఒడ్డున, మా పడవ వెనక మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఆయన కోసమే చూస్తున్నాను. ఆ పొద్దున దవాఖాన నుంచి ఇంటికి పంపుతామన్నారు. ఇంటికంటే ముందు రేవుకే వస్తానని ఆయన ముందురోజు చెప్పాడు. ఫోన్ చేసింది ఆయన కొడుకు, మా అన్న. "చెల్లె, నాయిన పోయిండే" అన్నాడు. మీరేమనుకుంటారో గాని, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మరి పంకా?" అని.

పంకా అంటే పడవను తోసే ప్రొపెల్లర్. రేవులో అందరం అట్లాగే అంటాం. మాది సాగర్ డ్యాము వెనక నిలిచిన నీళ్ళలో తిరిగే స్పీడు పడవ, ఎవరో వాడి వదిలేసినది తెచ్చుకున్నాం. నడిపేది మా ఆయన, మిగతా తిప్పలన్నీ నావి. దాని ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ ఉంది. అంటే గాలిని బలవంతంగా లోపలికి ఎక్కించి ఇంజిన్ బలం పెంచే యంత్రం. అంత బలం ఉన్నదానికి ఏ పంకా పెట్టినా లాగుతుందని కొన్ననాడు మేమంతా అనుకున్నాం. పెద్దనాయిన ఒక్కడే అనుకోలేదు. "బలమున్నదానికే ఎక్కువ ఫికర్ చెయ్యాలె బిడ్డా. బలం లేనిది ఆగిపోతది. బలమున్నది ఆగదు, లోపల లోపల కాలుతది" అన్నాడు.

ఆయన పడవలవాడు కాదు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, దేవరకొండలో బోరు మోటర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. మా పక్క నేలకు నీళ్ళెక్కడున్నాయో, ఎంత లోతునున్నాయో అడగకుండా మోటరు బిగించేవాడు కాదు. కృష్ణ నీళ్ళు మా ఊళ్ళ అంచుదాకా నిలిచాక, చేపల పడవలవాళ్ళు వంగిన పంకాలు ఆయన దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. కొలిమిలో కాల్చి, సుత్తితో తట్టి, రెక్కలను దారికి తెచ్చేవాడు. తర్వాత పంకాను ఒక ఇనుపకడ్డీకి గుచ్చి, పక్కన అగ్గిపుల్ల నిలబెట్టి మెల్లగా తిప్పేవాడు. ప్రతి రెక్క చివర పుల్లకు ఒకే ఎడంలో పోవాలి. ఒక్కటి తేడా వచ్చినా మళ్ళీ కొలిమి దగ్గరికే.

ఫికర్లో ఆయన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు. ఇంటికి తాళం వేసి, బస్టాండుదాకా పోయి, తాళం లాగి చూడ్డానికి వెనక్కి వచ్చేవాడు. పంకా నట్టు ఊడకుండా దూర్చే పిన్నులు చొక్కా జేబులో ఎప్పుడూ ఉండాల్సిందే. తెల్లచొక్కా జేబు మీద తుప్పుమరకలు చూసి పెద్దమ్మ నెత్తి కొట్టుకునేది. "ఊరోళ్ళ పంకాలన్ని నీ జేబులనే ఉండాల్నా?" అనేది. "ఊడినంక ఎవని జేబుల ఎతుకుతవ్?" అనేవాడాయన. మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు పొయ్యి ఆర్పానా లేదా అని నేను వంటింట్లోకి మళ్ళీ మళ్ళీ పోయి చూస్తుంటే మా ఆయన నవ్వుతున్నాడు. ఆ ఫికర్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా పడవ మొదటిసారి నీళ్ళకు దిగిన రోజు చెప్పాలి. మా రేవులో ఒక పద్ధతుంది. కొత్త పడవ గంగమ్మ బోనంతో నీళ్ళ నడుమకు పోయి వచ్చేదాకా, నడిపేవాడు తప్ప ఎవరూ అందులో కాలుపెట్టరు. పెద్దనాయిన ఒడ్డునే నిలబడ్డాడు. మా ఆయన బోనం పెట్టుకుని ఒక్కడే పోయి, జోరు మీద పరుగెత్తించి, అక్కడినుంచి ఫోన్ చేశాడు. "మామా, ముల్లు ఎర్రగీత దాటుతాంది. ఇంజిన్ మొత్తుకుంటాంది" అన్నాడు.

ముల్లంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపేది, ఎర్రగీత దాని హద్దు. అప్పుడు పడవకు పదిహేడు అంగుళాల పిచ్ పంకా ఉంది. పిచ్ అంటే పంకా ఒక్క చుట్టు తిరిగితే పడవ ఎంత ముందుకు పోవాలో చెప్పే లెక్క. పిచ్ తక్కువైతే పంకా తేలిగ్గా తిరిగి ఇంజిన్ హద్దు మీరుతుంది. ఎక్కువైతే తిరగలేక ఇంజిన్ ఆయాసపడుతుంది. ఎర్రగీత దాటిందంటే పిచ్ పెంచాలన్నమాటే కదా. పెద్దనాయిన పంతొమ్మిది ఎక్కించాడు.

యాటను కోసి, వండి, తిని, చుట్టాలంతా పడవెక్కారు. నేనూ ఎక్కాను. రేవు దాటి మా ఆయన జోరు పెంచాడు. పడవ నీళ్ళ మీదికి లేవలేదు. ముక్కు ఆకాశంలోకి, వెనక భాగం నీళ్ళలోకి పోయింది. ఇంజిన్ బొంగురుగా మూలిగింది, ముల్లు సగం దగ్గరే నిలబడిపోయింది. గాలి లేచింది. వెనక అంచు మీంచి నీళ్ళు నా కాళ్ళ మీదికి వచ్చాయి. వేడి ఎక్కువైందని ఇంజిన్ కూత పెట్టింది. మా చిన్నత్త పిల్లను ఒళ్ళోకి లాక్కుని అందరు దేవుళ్ళను పేరుపేరునా పిలిచింది. నడక వేగంతో వెనక్కి వచ్చాం. ఒడ్డు దగ్గర పెద్దనాయిన నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఈత రాని మనిషి.

అందరినీ చెయ్యి పట్టి దింపాక పడవ అంచు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "ఖాళీ పడవను చూసి పంకా పెట్టిన. నాదే పొరపాటు. గంగమ్మ బరువు ముల్లుకు తెల్వదు గద" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. చాలా రోజులదాకా ఎవరింటికి పోయినా ఆ ముచ్చటే చెప్పి, తనను తానే తిట్టుకున్నాడు.

అప్పటినుంచి మనుషులు కూర్చోనిదే ఆయన ఏ పంకానూ ఒప్పుకోలేదు. ఇసుకబస్తాలు వేద్దామంటే, "బస్తాలు కదలవు. మనుషులు కదులుతరు. భయమైతే అందరు ఒక్కదిక్కే ఒరుగుతరు" అనేవాడు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళను, చేపలు అమ్ముకుని పోయే ఆడవాళ్ళను బతిమాలి ఎక్కించేవాడు. "గంపల ఏమున్నది అక్కా? ఉండనియ్, దించకు, అది గూడ బరువే" అనేవాడు. తను మాత్రం వెనక సీటు మీద, అందరికీ వీపు పెట్టి, ఇంజిన్ వైపు తిరిగి కూర్చునేవాడు. ముందు ఏముందో నడిపేవాడు చూసుకుంటాడట, వెనక నీళ్ళు ఆయన చూస్తాడట. పంకా నీళ్ళను పట్టలేకపోతే వెనక ఉత్త నురుగే లేస్తుంది. పట్టుకుంటే నీళ్ళు ఒక వరసన సాగిపోతాయి. అట్లా సాగితే, "నీళ్ళు సాఫ్‌గనే ఉన్నయి బిడ్డా" అనేవాడు. ఇంటికి పోయాక పెద్దమ్మతోనూ అదే మాట. ఆ ఒక్క మాట కోసం నేను ఎదురుచూస్తూ కూర్చునేదాన్ని.

అట్లా చూసి చూసి, చలికాలానికి, తక్కువ జనానికి పంతొమ్మిది అని, ఎండలకు, నిండు పడవకు పదిహేడు అని తేల్చాడు. ఎండాకాలం గాలి పలచనై, ఎంత సూపర్‌చార్జర్ ఉన్నా ఇంజిన్‌కు బలం తగ్గుతుందనేవాడు. అయితే పోయిన ఎండల చివర, నీళ్ళు తగ్గినప్పుడు, మునిగిన చెట్టు మోడు తగిలి పదిహేడు పంకా రెక్క మడతపడింది. పెద్దనాయిన తీసుకుపోయి తట్టి తెచ్చాడు. తెచ్చాడే గాని మనసు కుదుటపడలేదు. "చెయ్యి వణుకుతాంది ఈ నడుమ. మంచిగనే వచ్చింది గని, ఎందుకో నమ్మకం లేదు. మళ్ళ ఎండలు ముదిరినంక నేనొచ్చి చూస్త. నేను చూడంది ఎయ్యకు" అన్నాడు. ఈ ఏడు ఎండలు ముదిరాయి. ఆయన దవాఖానలో పడ్డాడు. పోయే ముందురోజు ఫోన్‌లో కూడా అదే మాట. "పంకా మార్చకు. నేనొచ్చి చూస్త."

దహనం దేవరకొండలోనే అయింది. ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. "ఆయన బొక్కలు, బూడిద నీ పడవల తీస్కపోయి నీళ్ళ నడుమ కలుపుండ్రి. అందరం పోదాం. నేను గూడ వస్త" అంది. ఆమె ఏనాడూ పడవ ఎక్కలేదు. రేవుకు వచ్చినా గట్టు మీదే కూర్చునేది. నేను సరేనని, లోపల బరువు లెక్కలు మొదలుపెట్టాను. మే నెల ఎండ. నిండు పడవ. పెద్దమ్మ, అన్న, వదిన, పిల్లలు, ముసలి మేనత్తలు. పడవకు ఉన్నది పంతొమ్మిది. అది ఈ బరువు లేపలేదని ఒకసారి చూసినదాన్నే. పదిహేడు సరైనదే, కాని ఆయనకే నమ్మకం కుదరని రెక్క అది. జోరు మీద అదిరితే లోపలి ఇరుసు పోతుంది, నీళ్ళ నడుమ ఆగిపోతాం.

"మెల్లగ పోదాం తియ్, పంతొమ్మిదే ఉండనియ్" అన్నాడు మా ఆయన.

"గాలి లేస్తే? ఆనాడు మెల్లగనే గద వచ్చినం, నీళ్ళు లోపలికి రాలేదా?" అన్నాను.

"మామ ఎయ్యొద్దన్నది ఎట్ల ఏస్తవ్?"

జనాన్ని ఎక్కించి చూద్దామంటే ఎవరెక్కుతారు? మైలలో ఉన్న ఇంటి పడవ. మరునాడు పొద్దున రేవులో, రోజూ పలకరించే చేపల ఆడవాళ్ళు కూడా దూరం నుంచే చేతులు జోడించి పోయారు. వాళ్ళ తప్పేం లేదు, నేనైనా ఎక్కను. మొదటిరోజు గంగమ్మ పద్ధతి అడ్డొచ్చింది, ఈరోజు మైల. ఖాళీ పడవ ఏం చెప్పినా నమ్మొద్దని చెప్పిన మనిషేమో లేడు.

ఆ పగలే పదిహేడు పంకాను పట్టుకుపోయి, ఆయన దుకాణం తీయించి, ఆ ఇనుపకడ్డీకే గుచ్చి, అగ్గిపుల్ల నిలబెట్టి తిప్పాను. పుల్లకు, రెక్కకు నడుమ ఎడం మూడు రెక్కలకూ ఒక్కతీరుగానే కనిపించింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిప్పాను. తట్టిన రెక్క మీద సుత్తి దెబ్బల గుర్తులు చిన్నచిన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. వణికే చేత్తో ఎంత ఓపికగా కొట్టాడో అప్పుడు చూశాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. లేచి, పదిహేడే వేస్తానని మా ఆయనతో చెప్పాను. ఈసారి అతనే పానా తీశాడు.

పాత పిన్ను తీస్తుంటే విరిగింది. కొత్తది కావాలి. దవాఖాన నుంచి తెచ్చిన బట్టల సంచిలో చూడమన్నది పెద్దమ్మే. తెల్లచొక్కా జేబులో, మందుచీటీ వెనక రెండు పిన్నులున్నాయి. మంచానపడ్డ మనిషి, అక్కడ ఎవరి పంకా ఊడుతుందనుకున్నాడో.

మూడోనాడు పొద్దున్నే అందరూ రేవుకు వచ్చారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేనే చెప్పాను, ఆయన గొంతుతో, ఆయన లాగే కసురుకుంటూ. "అందరు ఒక్కదిక్కే ఒరగొద్దు. గాలొస్తే ఎవ్వరు లేవొద్దు." అన్న ఒళ్ళో అస్థికల కుండ పెట్టుకున్నాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. చుట్టాలు ఇరుక్కుని కూర్చున్నారే గాని అటు ఎవరూ పోలేదు. పెద్దమ్మ నా భుజం పట్టుకుని ఎక్కి, "ఆయన యాడ కూసునేటోడే?" అంది. చూపించాను. "గీడనా? ఇట్ల ఎనకకు మొకం పెట్టా? ఏం చూసేటోడు?"

"ఎనక నీళ్ళు చూసేటోడు పెద్దమ్మా."

ఆమె చీర సర్దుకుని, మా అందరికీ వీపు పెట్టి కూర్చుంది.

రేవు దాటాం. మా ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. జోరు పెంచాడు. ముక్కు లేచింది. ముందు ఏమీ కనిపించలేదు. సీటు కింద ఏదో అదురుతున్నట్టు అనిపించింది. పంకానా, నా కాళ్ళేనా, తెలియలేదు. మేనత్త గట్టిగా నా చెయ్యి పట్టుకుంది. ముల్లు మూడువేల దగ్గర నసిగింది. ఆనాడు అక్కడే ఆగిపోయింది. ఆగకు, ఆగకు అని లోపల మొక్కుకుంటున్నాను, ఏ దేవుడికో తెలియదు. ముల్లు కదిలింది. నాలుగువేలు. ముక్కు మెల్లగా దిగింది, ఎదురుగా నీళ్ళు, అవతలి గుట్టలు కనిపించాయి. అయిదువేలు దాటి, ఎర్రగీతకు ఇవతల, ఆయన ఎప్పుడూ బొటనవేలు ఆనించి చూపించే చోట నిలబడింది.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. వెనక్కి తిరిగి నీళ్ళు చూసే ధైర్యం రాలేదు.

ఇంజిన్ మోతలో పెద్దమ్మ గొంతు వినిపించింది. ఆమె తల తిప్పలేదు.

"నీళ్ళు సాఫ్‌గనే ఉన్నయి బిడ్డా."

నడుమకు పోయి ఇంజిన్ ఆపాం. అన్న కుండ వంచాడు. తర్వాత మా ఆయన పడవను మెల్లగా ఒడ్డు వైపు తిప్పాడు. అందరూ ఇటు తిరిగి రేవు వైపు చూస్తున్నారు. పెద్దమ్మ మాత్రం రెండు చేతులతో ఆ సీటు అంచు పట్టుకుని, ఒడ్డు తగిలేదాకా వెనక నీళ్ళనే చూస్తూ కూర్చుంది.