హిల్ట్రూడ్ పాతిన గడ్డివేళ్ళు

లైప్‌జిగ్‌లో మా అద్దె తోటల వరసలో పద్నాలుగో నంబరు హిల్ట్రూడ్‌ది. ముప్పై ఏళ్ళు మాంసం కొట్లో నిలబడి పనిచేసి రిటైరైంది. పనిలో వంక పెట్టలేం. పక్క తోట రోస్వీటాను చూస్తే మాత్రం కళ్ళు మండేవి. ఇరవై ఏళ్ళ పొరుగైనా ఇద్దరూ ‘మీరు’ దగ్గరే ఆగిపోయారు. రోస్వీటా తోటలో నూల్‌కోల్ దుంప ఒక్కోటి చంటిపిల్ల తలకాయంత ఊరేది. హిల్ట్రూడ్ మొగుడు ఎవాల్ట్ సాయంత్రాలు కంచె మీద మోచేతులు ఆనించి వాటినే చూసేవాడు. ‘ఆవిడ చెయ్యి మంచిది’ అని ఒకసారి నోరు జారాడు. ఆ వారమంతా అతనికి చల్లారిన సూపే.

పోయినేడు మోకాలి ఆపరేషన్‌తో హిల్ట్రూడ్ తోట గడ్డిపాలైంది. మూడో వంతు నేలలో కూరో పండో లేకపోతే తోట తీసేసుకుంటామని తోటల సంఘం కమిటీ ఉత్తరం రాసింది. జూన్‌లో వచ్చి చూస్తారు.

మార్చిలో రోస్వీటా ఎవరితోనో, తన తోటలో మొలిచింది తన మట్టికే పోతుందని, గడ్డిపరక కూడా బయట పారెయ్యనని చెబుతుంటే హిల్ట్రూడ్ కంచె చాటున వింది. ఓహో, ఇదా కిటుకు! నేల కింద తెల్లతాళ్ళలా పాకే క్వెకె అనే కలుపుగడ్డి వేళ్ళను పెరికి, షెడ్డు మీద కరకరలాడేలా ఎండబెట్టింది. చచ్చింది ఇంకేం చేస్తుందిలే అనుకుని, ముక్కలు చేసి మళ్ళలో కలిపి, పైన క్యారెట్, ముల్లంగి, లెట్యూస్ విత్తింది.

మే నెలాఖరుకి చాలావరకు మొలవనే లేదు. మొలిచినవి అరంగుళం లేచి, వేరు కొస మాడి వాలిపోయాయి. ఆమె తిన్నగా కంచె దగ్గరికెళ్ళింది.

“నా మళ్ళలో ఏం పోశారు, రోస్వీటా గారూ?”

రోస్వీటా వచ్చి, మట్టి కెలికి, నల్లబడ్డ వేళ్ళముక్కలు తీసింది.

“ఇవి మీరే కలిపారా? ఈ గడ్డి చచ్చినా ఊరుకోదండీ. కుళ్ళేటప్పుడు మట్టిలోకి విషం వదులుతుంది, గింజను లేవనివ్వదు. నాకూ ఒక ఏడు ఇలాగే పోయింది.”

“ఏదీ బయట పారెయ్యనన్నారుగా.”

“అన్నాను. దీన్ని మాత్రం ఏడాది ఎరువు కుప్పలో మాగబెడతానని కూడా అన్నాను. అప్పటికి మీరు కంచె దగ్గర లేరేమో.”

హిల్ట్రూడ్ ముఖం కందిపోయింది. రోస్వీటా తన దగ్గర మిగిలిన లెట్యూస్, నూల్‌కోల్ మొక్కలు ఇస్తానంది. ఎదిగిన మొక్కకు ఆ విషం అంతగా పట్టదని, కుండీ మట్టితో సహా నాటమని చెప్పింది. వద్దంటే తోట పోతుంది. తీసుకుంటే ఆవిడ మొక్కలు తన మళ్ళలో నిలబడతాయి. హిల్ట్రూడ్ తీసుకుంది. ట్రేలు మోద్దామని ఎవాల్ట్ హుషారుగా వస్తే మాత్రం దగ్గరికి రానివ్వలేదు. కుంటుకుంటూ తానే మోసింది.

జూన్‌లో కమిటీ పెద్ద నడిచి చూసి, కాగితం మీద టిక్కు పెట్టి, లెట్యూస్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. హిల్ట్రూడ్ తల ఊపింది. ఆయన గేటు దాటాక, కంచె అవతలి మళ్ళను చాలాసేపు చూసింది.

“చూశావా,” అంది మొగుడితో, “పెద్దవన్నీ తనే ఉంచుకుంది.”