మాటలు రాయని ఐదు బొమ్మలు

దెయ్యాల బొమ్మలు గీసేదాన్ని, దెయ్యాలను నమ్మనంటే వినేవాళ్లు నవ్వుతారు. కానీ నిజంగానే నేనెప్పుడూ నమ్మలేదు. సూర్యాపేటలో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తాను. ఇంటికొచ్చాక ఫోన్లో వెబ్‌కామిక్ గీస్తాను. నా వరకు దెయ్యమంటే నలుపు ఎక్కడ ఎక్కువ పూయాలన్న ఆలోచన, అంతే.

నా కథ కాకతీయుల కాలంలో జరుగుతుంది. వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలిసేచోట, పడవ నడిపే ఒక ఆడమనిషి ఉంటుంది. చనిపోయినా రేవును వదలదు. అలాంటి మనిషి ఉండేదని నేనెక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. నా కల్పనే.

ఒక భాగంలో ఆమె ఏదో అరవాలి. ఏమని అరుస్తుందో ఎంతకీ తోచలేదు. అద్దం ముందు కూర్చుని, నోరు రకరకాలుగా పెట్టి ఫొటోలు తీసుకున్నాను. బాగున్న ఐదింటిని వరసగా గీశాను. మాటల బుడగలు ఖాళీగా వదిలేశాను.

కొత్తగా గీసేవాళ్లు సలహా అడిగితే ఇదే చెబుతుంటాను. ఖరీదైన ట్యాబ్ వచ్చేదాకా ఆగకండి, ముందు అద్దంలో మీ ముఖం గీయండి. గీసింది అందరికీ పెట్టేముందు, మీలా చూడని మనిషి ఒకరికి చూపించండి.

నాకు ఆ మనిషి సునీతక్క. మా పెద్దమ్మ కూతురు. మిర్యాలగూడలో ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తన మాట కాస్త ముద్దగా ఉంటుంది, అలవాటైనవాళ్లకు అర్థమవుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి ఫోన్ చేతికిచ్చాను. అక్క ఐదు బొమ్మలూ చూసింది. మళ్లీ మొదటికి జరిపి చూసింది.

"బుచ్చి ఎవరే?" అంది.

"ఏ బుచ్చి?"

"గీమె పిలుస్తున్నది గద. బుచ్చీ, దిగకే అంటున్నది."

నేను నవ్వేశాను. మాటలే రాయలేదన్నాను. అక్క ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, అదే ఆకారంలో తన పెదాలు పెట్టి చూపించింది. ప, బ, మ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయని, తను చదివింది తప్పు కూడా కావచ్చని ఒప్పుకుంది.

పక్కనే అక్క అత్తగారు చింతపండులో గింజలు తీస్తోంది. ఆమెను ఊరంతా సత్తెమ్మ అంటారు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"చిన్నప్పుడు మా అవ్వగారింట్ల నన్ను బుచ్చి అనేటోళ్లు," అంది.

ఆమె పుట్టిల్లు వాడపల్లి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాన్నతో పడవలో కృష్ణ దాటి వస్తూ, ఒడ్డు తగలకముందే దూకబోయిందట.

"ఎనుక నుంచి ఆడగొంతు ఇనబడ్డది. బుచ్చీ, దిగకే అని. ఆగిన. పడవాయన గడ దించి సూస్తే అడుగే అందలే. ఎవరు పిలిచిండ్రని అడిగితే ఎవ్వరూ పిలువలేదన్నరు. పడవల ఆడమనిషిని నేనొక్కదాన్నే."

ఇంట్లో చెబితే భ్రమ అని కొట్టిపారేశారట. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా.

ఫోన్ ఆమెకు చూపించాను. "ఈమేనా అత్తమ్మా?"

"ముఖం నేను సూడలే బిడ్డా. గొంతే ఇన్న."

చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. మాతో కాదు, ఆ బొమ్మతోనే మెల్లగా అంది. "దిగలేదమ్మా. దిగలే."

ఎవరి పెదాల మీదైనా ఆ పేరు అక్క ఎప్పుడో చూసి ఉంటుందేమో అనుకున్నాను. అడిగితే లేదంది. బుచ్చి సరే, మిగతా మాట ఎలా వచ్చింది?

ఆ భాగాన్ని బుడగలు ఖాళీగానే ఉంచి ఆన్‌లైన్‌లో పెట్టాను. బొమ్మలు నేర్చుకుంటున్న ఒక కోదాడ అమ్మాయి, "మాటలు రాయడం మర్చిపోయారాండీ?" అని మెసేజ్ చేసింది. తెలియని మాటను ఊరికే నింపకూడదని మాత్రం చెప్పాను. జరిగింది చెప్పలేదు.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ మిర్యాలగూడ వెళ్లినప్పుడల్లా అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడుగుతుంది.

"ఇంకేమన్న అన్నదా బిడ్డా?"