మస్కట్‌లో తీర్చిన అప్పు

మేము మస్కట్ నుంచి విజయవాడ తిరిగొచ్చేసరికి మా పాపకి తెలుగు చదవడం రాదు, మా ఆయనకి పని లేదు. నాకు ఇక్కడొక ఆసుపత్రిలో పని దొరికింది గానీ అక్కడి జీతంతో పోలిస్తే అది చెప్పుకునేంత జీతం కాదు. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట ఇది.

అక్కడ నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుని. పెళ్ళికి ముందే, తొంభైల మొదట్లో వెళ్ళాను. పెళ్ళయ్యాక మా ఆయన్ని నా దగ్గరికి రప్పించుకున్నాను. కొన్నేళ్ళకి ఆ దేశపు ఆడపిల్లలు నర్సింగ్ చదువుకుని ఉద్యోగాలకి రావడం మొదలైంది. మాలాంటివాళ్ళ కాంట్రాక్టులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. నాదీ ఆగింది. నాకు కోపమేమీ రాలేదు. నేనే దగ్గర కూర్చోబెట్టుకుని సెలైన్ పెట్టడం నేర్పిన అమ్మాయి నా చోటికి వచ్చింది. వెళ్ళే రోజు ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడిస్తే నేనే ఓదార్చి వచ్చాను.

మా ఆయనది ఉయ్యూరు దగ్గర పల్లె. డీజిల్ పంపు మెకానిక్. లారీకైనా ట్రాక్టరుకైనా ఇంజనులోకి ఎంత డీజిలు వెళ్ళాలో అంతే కొలిచి పంపేది ఆ పంపు. దాని లెక్క తప్పితే బండి నల్లపొగ కక్కుతుంది, ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. పెళ్ళికి ముందు ఆయన ఆటోనగర్‌లో ఒకరి షెడ్డులో ఆ పనే చేసేవారు. మస్కట్‌లోనూ గ్యారేజీల్లో అదే పని. ఎప్పటికైనా ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టాలని ఆయన కోరిక. ఉద్యోగం పోయిందని నేను దిగులుపడుతుంటే, "మంచిదేలే, ఇప్పుడైనా మన ఊళ్ళో పడదాం" అన్న మనిషి.

మేము పంపిన డబ్బంతా ఏళ్ళ తరబడి డ్రాఫ్టుల రూపంలో మా అత్తగారి పేరున వచ్చేది. మామగారి గుండె ఆపరేషన్‌కి, ఊళ్ళో ఇంటి కప్పుకి అయింది. అది వృథా అని ఏనాడూ అనుకోలేదు. మా దగ్గర మిగిలినదానితో పటమటలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. ఆటోనగర్‌లో షెడ్డుకి అడ్వాన్సు ఇచ్చాం, నేల గచ్చు చేయించాం, త్రీఫేజ్ కరెంటు వేయించాం. అక్కడితో చేతులు ఖాళీ అయ్యాయి. అసలైన మిషను మిగిలిపోయింది. పంపుని దానికి బిగించి, ఎంత డీజిలు వదులుతోందో చూసి సరిచేసే టెస్టింగ్ మిషను. కోయంబత్తూరు నుంచి రావాలి. అది లేకపోతే ఆ షెడ్డులో బల్లలూ స్పానర్లూ తప్ప ఏమీ లేనట్టే.

ఆసుపత్రి వాళ్ళు నాకు జీతం వేసే బ్యాంకుకే ఇద్దరం కలిసి వెళ్ళాం. మేనేజరుగారు యాభై దాటిన మనిషి. ముఖంలో నవ్వు తక్కువ, మాటలో మర్యాద ఎక్కువ. మా ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"పని మీద మీకు నమ్మకముందండీ, కనబడతానే ఉంది. కానీ ఇన్నేళ్ళు మీరు ఈ దేశంలో లేరు. ఏ బ్యాంకులోనూ మీ పేరున ఒక ఖాతా లేదు, ఒక అప్పు లేదు, తీర్చింది లేదు. మిమ్మల్ని ఏం చూసి నమ్మమంటారు?"

"అప్పు చేయకపోవడం కూడా తప్పేనాండీ?" అన్నారు మా ఆయన.

"తప్పని కాదండీ. నాకు చూడ్డానికేం లేదంటున్నా. పోనీ, తాకట్టు పెట్టడానికి పొలం గానీ ఇల్లు గానీ ఉందా?"

పొలం లేదు. ఊళ్ళో ఇల్లు ముగ్గురన్నదమ్ములది. మా ఆయన లేచి దణ్ణం పెట్టి బయటికొచ్చేశారు. బందరు రోడ్డు మీద స్కూటరు వెనక కూర్చుని ఆయన వీపు చూస్తుంటే, మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి.

తర్వాతి వారం ఆయన గవర్నర్‌పేటలో ఒక ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు ఇచ్చి వచ్చారు. దోహాలో గ్యారేజీ, ఒంటరి వీసా, కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. నాకు ముందు చెప్పలేదు. అన్నం తింటూ చెప్పారు.

"రెండేళ్ళే. మిషను డబ్బు చేతికి రాంగానే వచ్చేస్తా."

నేను పెరుగు గిన్నె ఆయన ముందు పెట్టాను కానీ వడ్డించలేకపోయాను. రెండేళ్ళు అనే మాట నాకు కొత్త కాదు. మస్కట్‌లో మా వార్డుకి వచ్చే మనవాళ్ళలో చాలామంది రెండేళ్ళకని వచ్చినవాళ్ళే. జుట్టు నెరిసిపోయినా ఇంకా అదే మాట చెప్పేవాళ్ళు. పిల్లల ఫొటోలు పర్సులో పెట్టుకుని చూపించేవాళ్ళు. ఆ పిల్లలు ఈపాటికి ఎంతెత్తు ఎదిగారో వాళ్ళకే సరిగ్గా తెలీదు. ఆ వరసలో మా ఆయన్ని ఊహించుకుంటే నాకు ముద్ద దిగలేదు.

ఆయనతో చెప్పకుండా మర్నాడు డ్యూటీ దిగి నేను ఒక్కదాన్నే బ్యాంకుకి వెళ్ళాను. తెల్ల యూనిఫామ్ మీదే వెళ్ళాను. ఏం అడగాలో నాకే తెలియదు. "ఇంకేదైనా దారుందేమో చెప్పండి సార్. లేకపోతే ఆయన మళ్ళీ దేశం పోతారు" అన్నాను.

మేనేజరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కడ మీ ఆయన బ్యాంకు లోను ఏదైనా తీసుకున్నారామ్మా?"

"ఆయన తీసుకోలేదండీ. నేను తీసుకున్నాను."

"మీరా?"

"ఆయనకి ప్రైవేటు గ్యారేజీల్లో పని. యజమానులు మారుతుండేవాళ్ళు. ఆయనకి బ్యాంకు ఇవ్వనంది. నాది గవర్నమెంటు ఆసుపత్రి కదండీ, నాకిచ్చారు. ఆయన పనికెళ్ళడానికి కారు కొన్నది నా పేరునే. తర్వాత మామగారి ఆపరేషన్‌కి ఇంకోటి తీసుకున్నాం. క్రెడిట్ కార్డు కూడా ఉండేది."

"కట్టేశారా అన్నీ?"

"ఎప్పుడో కట్టేశామండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను కొత్తగా చూశారు. "మొన్న ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు ఆయన గురించే అడిగారండీ."

ఆయన నవ్వలేదు కానీ, నవ్వు పెదాల దాకా వచ్చింది. ఇదివరకు ఇట్లాంటిది తాను చేయలేదని, పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదని ముందే చెప్పారు. బాకీ లేదని అక్కడి బ్యాంకు నా చేతికిచ్చిన కాగితాలు పనికిరావని, ఆ బ్యాంకే నేరుగా ఈ బ్యాంకుకి రాయాలని చెప్పారు. దానికి నా అంగీకారం ఉందని నేను సంతకం చేసి పంపాలట. అప్పు నా పేరున, నా జీతం చూసి ఇవ్వాలి, మా ఆయన జామీను ఉండాలి. "షెడ్డుకి ఓనరు మీరవుతారు. మీ ఆయన ఒప్పుకుంటారా?" అని అడిగారు.

ఇంటికెళ్ళి అడిగి చెబుతానన్నాను.

ఇంటికొచ్చేసరికి ఆయన వరండాలో పాపకి అ ఆలు దిద్దిస్తున్నారు. చెప్పాను. పలక పక్కన పెట్టారు.

"అక్కడ కారూ నీ పేరునే. ఇక్కడ మిషనూ నీ పేరునేనా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు తేలికగా ఉండేది. ఏదో ఒక మాట అనేదాన్ని. లోపలికెళ్ళి స్టవ్ వెలిగించాను. కాసేపటికి ఆయనే వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆ కారు వాయిదా నువ్వు ఒక్క నెల కూడా తప్పలేదు కదూ?"

"తప్పలేదు."

"నాకసలు తెలియనే తెలీదు, నువ్వు ఎప్పుడెళ్ళి కట్టేదానివో. తాళం తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి." మళ్ళీ తనే, "పంపు చూసేది నేనేగా. ఓనరమ్మవి నువ్వైతే ఏంటంట? చెయ్యి సంతకం" అన్నారు.

కానీ పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోలేదు. ఇది కుదరకపోతే ఎట్లా అన్నారు. నేనూ బలవంతపెట్టలేదు.

బెంజి సర్కిల్ దగ్గర ఒక ఫోను బూత్ నుంచి సంతకం చేసిన కాగితం ఫ్యాక్సు చేశాం. రెండు రోజులాగి అదే బూత్ నుంచి మస్కట్ బ్యాంకుకి ఫోను చేశాను. అద్దాల గదిలో ఉక్క. ఎదురుగా మీటరు గబగబా తిరిగిపోతోంది. లోన్ల సెక్షన్‌లో ఫోనెత్తినాయన అరబ్బాయన. నా ఖాతా నంబరు చెప్పి, ఫలానా ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్నని చెప్పాను. కాసేపు వెతికి, వచ్చీరాని ఇంగ్లీషులో, "సిస్టర్, మీరు మాకు బాకీ ఏమీ లేరు, మరి ఎందుకు భయపడుతున్నారు?" అన్నాడు. భయం మీ దగ్గర కాదు నాయనా, ఇక్కడ, అని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. వాళ్ళు రాస్తారని మాత్రం మాటిచ్చాడు.

రాశారు కూడా. ఆ సంగతి మేనేజరుగారే చెప్పారు. కానీ హైదరాబాదులో పై ఆఫీసు వాళ్ళు, పరాయి దేశపు బ్యాంకు మాట మీద అప్పు ఎట్లా ఇస్తామని తిప్పి పంపారు. మేనేజరుగారు మళ్ళీ రాశారు. ఆ మనిషి దేశం మారింది గానీ మనిషి మారలేదు కదా అని రాశానమ్మా అన్నారు నాతో. ఆయన మాకు చుట్టమూ కాదు, తెలిసినవారూ కాదు. అంత పట్టుగా ఎందుకు రాశారో నాకిప్పటికీ తెలియదు.

ఈలోగా దోహా వీసా వచ్చేసింది. ఏజెంటు టికెట్టు డబ్బు కట్టమని కబురు మీద కబురు. మా ఆయన సూట్‌కేసు అటక మీంచి దించి దుమ్ము దులిపారు. పాప దాంట్లో కూర్చుని ఆడుకుంటుంటే చూడలేక, నేను దొడ్లోకి వెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

ఒక మధ్యాహ్నం వార్డులో ఒక పెద్దావిడకి కట్టు మారుస్తుంటే, నాకు ఫోను అని ఆయా వచ్చి పిలిచింది. కట్టు సగంలో వదలడానికి లేదు. పూర్తిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళేసరికి ఫోను పెట్టేశారు. బ్యాంకు నుంచి అని మాత్రం తెలిసింది. డ్యూటీ దిగేదాకా కాలు నిలవలేదు. ఆ పెద్దావిడ, "ఏంటమ్మాయ్, ముఖమట్టా ఉంది?" అని అడిగింది. "ఏం లేదండీ, ఇంటి దగ్గర పనుంది" అన్నాను.

నేను వెళ్ళేసరికి బ్యాంకు గ్రిల్లు సగం వేసేశారు. ప్యూను నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. మేనేజరుగారు కూర్చోమన్నారు. ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను.

"అమ్మా, ఒక ప్రశ్న. ఆ కారు అప్పు గడువుకి ఏడాది ముందే కట్టేశారని ఉంది. ఎందుకట్లా?"

అదేమైనా తప్పా అనుకున్నాను. "అప్పుంటే నాకు నిద్ర పట్టదండీ. చేతిలో ఉన్నాయని కట్టేశాను."

ఆయన అప్పుడు నవ్వారు, నేను ఆయన్ని చూసిన ఇన్నాళ్ళలో మొదటిసారి. "మీలాంటివాళ్ళ వల్ల బ్యాంకుకి లాభం లేదమ్మా. వడ్డీ మిగల్చరు. సరే, శాంక్షనైంది. రేపు మీ ఆయన్ని తీసుకుని రండి."

థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. గ్రిల్లు దాటి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎదురుగా బస్సులూ ఆటోలూ పోతున్నాయి. ఎవరో బత్తాయిలు అమ్ముతూ అరుస్తున్నారు.

ఆటో ఎక్కి నేరుగా ఆటోనగర్ షెడ్డుకి వెళ్ళాను. మా ఆయన ఖాళీ షెడ్డులో నేల ఊడుస్తున్నారు. ఏ పనీ లేకపోయినా రోజూ వెళ్ళి ఊడ్చి వచ్చేవారు. నా ముఖం చూసి చీపురు గోడకి ఆనించారు.

"ఇచ్చారా?"

తల ఊపాను. ఆయన షట్టరు దించి తాళం వేశారు. "పద, గవర్నర్‌పేట. వాడు ఆఫీసు కట్టేసేలోపు వెళ్దాం" అన్నారు.

ఏజెంటు చాలా విసుక్కున్నాడు. వచ్చిన వీసా వదులుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు. తన ఖర్చుల కింద ఇంత ఇవ్వమన్నాడు. ఇచ్చేశాం. ఆ డబ్బు ఇస్తున్నప్పుడు మా ఆయన ముఖంలో కనిపించిన సంతోషం, నాకు తెలిసి డబ్బిచ్చేటప్పుడు ఎవరి ముఖంలోనూ ఉండదు. పాస్‌పోర్టు తెచ్చి నా హ్యాండ్‌బ్యాగులో పడేశారు. "నీ దగ్గరే ఉంచు, ఓనరమ్మా" అన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు ఏలూరు రోడ్డులో ఆగి చెరకు రసం తాగాం. ఇంటికొచ్చి ఆయన పంకా కింద పాప పక్కన అట్లా వాలారు, అంతే, నిద్రపోయారు. చొక్కా కూడా విప్పలేదు. నోరు తెరుచుకుని, ఒళ్ళు మరిచి. భోజనానికి లేపబుద్ధి కాలేదు నాకు.

మిషను వచ్చిన రోజు వాన. లారీ మీంచి దించడానికి చుట్టుపక్కల షెడ్లవాళ్ళంతా వచ్చారు. పక్కన వెల్డింగ్ షాపు నడిపే ముస్లిం పెద్దాయన తన దగ్గరున్న గొలుసులూ కప్పీ తెచ్చి, తడుస్తూ నిలబడి అందరికీ చెప్పి చేయించారు. దాన్ని గచ్చు మీద బిగించి కరెంటు ఇచ్చి, మా ఆయన ఒక పాత ట్రాక్టరు పంపుని ఎక్కించారు. గాజు గొట్టాల్లోకి డీజిలు పడటం మొదలైంది. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. ఆయన వంగి, స్క్రూడ్రైవరుతో కాస్త కాస్తగా తిప్పుతూ పోయారు. కాసేపటికి అన్ని గొట్టాల్లోనూ ఒకే ఎత్తున నిలిచింది. వెల్డింగ్ పెద్దాయన, "శభాష్, ఇక మా బండ్లన్నీ ఇక్కడికే" అన్నారు.

నాకు డ్యూటీ టైమవుతోంది. మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. "గొడుగు తీసుకెళ్ళు, సాయంత్రం నేనే వచ్చి తీసుకొస్తా" అన్నారు. సరేనన్నాను. ఆటోనగర్ గేటు దాకా బురదలో నడుస్తూ, రేపు సాయంత్రమూ వస్తారు, ఎల్లుండీ వస్తారు అనుకున్నాను.