నాయనమ్మ పేరుకు తగిన చెక్క

మా తాతయ్య వరప్రసాదరావు బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. టిక్కెట్లు చింపడం తప్ప వేరే చేతిపని ఎరగడు. అలాంటివాడు నందిగామ వెళ్ళి, కుట్టుమిషను సూదిలా సన్నటి బ్లేడు కిందికీ పైకీ ఆడే కరెంటు రంపం కొనుక్కొచ్చాడు. పదో తరగతి గట్టెక్కని నాకు కూడా నవ్వొచ్చింది.

అది నాయనమ్మ కోసం. షుగరు జబ్బు ఆమె రెండు కళ్ళూ తినేసింది. తన పేరు రాస్తే ఎలా ఉంటుందో కూడా మర్చిపోతున్నానని ఒకరోజు అంది. చెక్కలో 'లూర్దమ్మ' అని కోసిస్తే వేళ్ళతో తడిమి చదువుకుంటుందని ఈయన ఆశ.

కలకాలం ఉండాలని ముందు నల్లతుమ్మ చెక్క తెచ్చాడు. దానికి తగ్గట్టు లావు బ్లేడు. అది నేరుగా బాగానే కోసింది గానీ 'లూ' కొమ్ము దగ్గర తిరగనంది. సన్న బ్లేడు వేస్తే పుటుక్కున విరిగింది. ఇంకోటి బిగించాడు, పళ్ళు పైకి పెట్టి. చెక్క ఎగిరెగిరి పడింది.

"ఇది కోతా, కోడిపందెమా తాతా?"

"నోరు మూసుకుని చెక్క పట్టుకోవే జాయిసూ."

చివరికి జగ్గయ్యపేట వడ్రంగి డేవిడ్‌రాజు, గుమ్మాలకు పనికొచ్చే చెక్క దీనికెందుకని మందలించి, బొమ్మలు చేసే మెత్తటి తెల్ల పొణికి చెక్క ఇచ్చాడు. బ్లేడు పళ్ళు కిందికి ఉండాలని, చెక్కను నెమ్మదిగా తొయ్యాలని చెప్పాడు.

పేరు వచ్చింది. గరుకు కాగితంతో రుద్ది నాయనమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె వేళ్ళతో తడిమి, చక్కగా తెలుస్తోందంది. చెక్క తలకిందులుగా ఉంది.

అంచులు సరిగా తెగలేదేమోనని తాతయ్య ఇంకా సన్న బ్లేడుతో, ఇంకా పెద్ద అక్షరాలతో మళ్ళీ కోశాడు. ఈసారి ఆమె వెనకవైపు తడిమి మెచ్చుకుంది. అటు తిప్పమన్నాడు. ఎటు తిప్పాలో తెలియక ఆగిపోయింది.

"బ్లేడు తప్పు కాదండీ. వేళ్ళు మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు వేడి కూడా తెలీట్లా. మీరంత కష్టపడుతుంటే చెప్పలేకపోయా."

తాతయ్య మిషనుకున్న బ్లేడు ఊడదీశాడు. తర్వాత మిషను డేవిడ్‌రాజుకు ఇచ్చేస్తానన్నాడు.

"ఇవ్వకండి. ఆ చప్పుడుంటే మీరు ఇంట్లోనే ఉన్నారని తెలుస్తది."

ఇప్పుడు వరండాలో కూర్చుని రోజూ ఏదో ఒకటి కోస్తాడు. ఎవరి పేరో, ఏ బొమ్మో ఆయనకే తెలియదు. మధ్యలో మిషను ఆగిందంటే లోపలి నుంచి నాయనమ్మ "ఏమండీ?" అంటుంది.

"ఇక్కడే ఉన్నా, బ్లేడు మారుస్తున్నా," అంటాడు.