ఎవరి గ్లాసు వాళ్లే

తాడేపల్లిగూడెంలో డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు నాకు పర్యావరణం పిచ్చి పట్టింది. మా కాలేజీ క్యాంటీన్ వెనక మురుగుకాలవ నిండా ప్లాస్టిక్ టీ కప్పులే. వాన పడితే నీళ్లు కదిలేవి కావు. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మధ్య పెరిగినదాన్ని, నీళ్లు పాడవుతుంటే ఊరుకోలేను. చార్టు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో "ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకుందాం" అని రాసి క్యాంటీన్ గోడకి అంటించాను. వారం తిరిగేసరికి మా క్లాసులో అందరి బ్యాగుల్లో స్టీలు గ్లాసులు చప్పుడు చేస్తున్నాయి. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నా స్నేహితురాలొక్కతే తేలేదు. మొదటి రోజు నుంచీ ఒకే బెంచీ మాది. గ్లాసు తేకపోగా, టీ తాగడమే మానేసింది. మర్చిపోతోందేమోనని రోజూ గుర్తు చేశాను, బుద్ధి లేకుండా.

ఒకరోజు విసుక్కుంది. "మా ఊళ్లో హోటల్ గ్లాసులు మావాళ్లు ముట్టుకోకూడదు. మా నాన్న ఇంటి దగ్గర్నుంచి గ్లాసు పట్టుకెళ్లేవారు. ఈ ప్లాస్టిక్ కప్పులొచ్చాకే అందరితోపాటు తాగారు. ఇప్పుడు నువ్వేమో తెచ్చుకోమంటున్నావు."

కాలవ పాడవుతున్న మాట నిజం. ఆమె చెప్పిందీ నిజం. రెంటినీ ఎలా కలుపుకోవాలో తెలీలేదు. చార్టు పీకెయ్యనా అనడిగాను.

"ఉండనీ. నేను మాత్రం తెచ్చుకోను. మీ ఇంట్లో మీరు తాగే గ్లాసు ఒకటి నువ్వే నాకు తీసుకురా" అంది.

మా ఇంట్లో చేలో పనికొచ్చేవాళ్ల గ్లాసులు పశువుల కొట్టం గోడ మీద వేరేగా ఉంటాయి. వాటిలో పైనుంచి టీ పోసింది నేనే, ఎన్నోసార్లు. ఆ సంగతి తెలిసే అడిగిందో, ఊరికే అందో అంతుపట్టలేదు. సిగ్గేసింది మాత్రం నిజం.

మర్నాడు వంటింటి గూట్లోంచి నాన్న గ్లాసు తీశాను. "ఎవరికే?" అంది అమ్మ. ఫ్రెండుకన్నాను.

క్యాంటీన్‌లో ఆమె టీ తాగి, కుళాయి దగ్గర కడిగి, గ్లాసు నా చేతికిచ్చింది. "సాయంత్రం దీన్నెక్కడ పెడతావు?"

"వంటింట్లోనే."

"మీ అమ్మకి చెప్పే పెడతావా?"

బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. ఇంటికెళ్లి, అమ్మ పెరట్లో ఉన్నప్పుడు దాన్ని మిగతా గ్లాసుల మధ్య పెట్టేశాను. నాన్న అందులోనే మంచినీళ్లు తాగారు. నేను ధైర్యం చేశానో, దొంగతనం చేశానో నాకే అర్థం కాలేదు.

మర్నాడు ఆమె అడిగితే, చెప్పానన్నాను. నమ్మింది. ఆ ఏడంతా నేను రోజూ పట్టుకొచ్చిన ఆ గ్లాసులోనే టీ తాగింది.